ఉప్పు వేస్తే నీళ్ళు ఎటు పోతాయి?

మొన్న మంగళవారం పొద్దున పాలగిన్నె పొయ్యి మీద పెట్టి నిలబడి ఉండగా ఫోన్ మోగింది. మా సైన్సు టీచరు మేనకోడలు చేసింది. "అక్కా, అత్తయ్య వెళ్ళిపోయారు. నిద్రలోనే పోయారు, ఏ బాధా పడలేదు" అంది. నేను ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు. ఈలోగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఆవిడకు ఎనభై దాటాయి. నాకూ డెబ్బై వచ్చాయి. ఈ వయసులో ఇలాంటి ఫోన్లు కొత్త కాదు. అయినా పొయ్యి తుడుస్తూ చిన్నపిల్లలా ఏడ్చాను. మర్నాడు పేపర్లో ఫొటో కింద రెండు వరుసలు వేశారు. రిటైర్డ్ ఉపాధ్యాయిని, ప్రార్థన ఫలానా సమయానికి అని. ఆ రెండు వరుసలు నాకు చాలలేదు, అందుకే ఇది రాస్తున్నాను. చదివేవారిలో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఉంటే నేను మరిచిపోయినవి మీరు కలుపుకోండి.

ఆవిడ సికింద్రాబాదులో మా ఆడపిల్లల బడికి వచ్చేనాటికి పాతికేళ్ళు కూడా లేవు. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. అన్నగారికి ఇక్కడ ఉద్యోగమైతే కార్ఖానా అనే పేటలో ఆయన ఇంట్లో ఉండేవారు. నల్ల గొడుగు వేసుకుని అక్కడి నుంచి నడిచి వచ్చేవారు. ఎండ లేకపోయినా, వాన లేకపోయినా ఆ గొడుగు తెరిచే ఉండేది. ఎందుకని అడిగితే "కుక్కలు పక్కకి జరుగుతాయి" అనేవారు. నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు ఎప్పుడూ ఇంటూ మార్కు పెట్టేవారు కాదు, ప్రశ్నార్థకం పెట్టేవారు. ఇంటూ అయితే ఒకసారి ఏడ్చి ఊరుకోవచ్చు. ప్రశ్నార్థకం పెడితే వెళ్ళి జవాబు చెప్పాలి. అందుకే మాకు అదంటే ఎక్కువ భయం.

నేను చెప్పేది 1948, పోలీస్ యాక్షన్ జరిగిన సంవత్సరం. నిజాం రాజ్యం ఇండియాలో కలుస్తుందా లేదా అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. సరిహద్దు దగ్గర సరుకులు ఆగిపోయాయి. మందులు లేవు, కిరసనాయిలు లేదు, అన్నిటికన్నా ముందు ఉప్పు లేదు. మాకు సముద్రం ఎక్కడిది, ఉప్పు రావాలంటే బయటి నుంచే రావాలి. మోండా మార్కెట్ దగ్గర మాది కిరాణా కొట్టు. ఉప్పు బస్తా ఉండే మూలలో మా బాపు ఖాళీ గోనెసంచి మడిచి పెట్టాడు. భయపడి ఊళ్ళు వదిలి వెళ్ళేవాళ్ళు వెళ్తున్నారు. మా క్లాసులో సగం బెంచీలు ఖాళీ అయ్యాయి.

ఆ సగం క్లాసుకే ఆవిడ జీవకణం పాఠం చెప్పారు. పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, ఆవిడ మాత్రం తెలుగులో చెప్పేవారు.

"ప్రతి కణం చుట్టూ ఓ పల్చని పొర ఉంటుంది. అది గోడ కాదు, అలాగని బార్లా తెరిచిన గుమ్మమూ కాదు. నీళ్ళని తేలిగ్గా పోనిస్తుంది. ఉప్పుని, చక్కెరని అంత తేలిగ్గా పోనివ్వదు."

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి అంది: "మన బార్డర్ లెక్కనే టీచర్! ఉప్పును సుత రానిస్తలేరు."

అందరం నవ్వాం. ఆవిడా నవ్వారు. నవ్వి, బయట ఎవరైనా విన్నారేమోనని ఒకసారి వరండాలోకి తొంగి చూసి వచ్చారు.

తర్వాత ఇంటిపని ఇచ్చారు. ఒక కోడిగుడ్డును సిర్కాలో, అంటే వెనిగర్‌లో, రెండు రోజులు ఉంచాలి. పెంకు కరిగిపోయి పల్చని పొర మిగులుతుంది. ఆ గుడ్డును ఒక రోజు మంచినీళ్ళలో, ఒక రోజు బాగా ఉప్పగా ఉన్న నీళ్ళలో ఉంచి ఏమైందో రాయాలి. "ఇది అచ్చంగా కణం పొర కాదు, కానీ పని అలాగే చేస్తుంది" అన్నారు. ఉప్పు లేనివాళ్ళ కోసం తన ఇంటి నుంచి చిన్న చిన్న కాగితం పొట్లాలు కట్టి తెచ్చారు. ఆ రోజుల్లో ఉప్పు పంచిపెట్టిన మనిషిని నేను ఆవిడనొక్కరినే చూశాను.

ఇక నా సంగతి. మేము కోమట్లం. మా నాయనమ్మ గుడ్డు అన్న మాట కూడా నోట అనేది కాదు, "అది" అనేది. వీధిలో ఎవరైనా "అది" తీసుకుపోతుంటే ముఖం తిప్పుకునేది. అలాంటి ఇంట్లో దాన్ని సిర్కాలో నానబెట్టడం నా తరం కాదు. కాబట్టి అబద్ధం రాశాను. మంచినీళ్ళలో ఏమీ కాలేదని, ఉప్పునీళ్ళలో గుడ్డు బాగా ఉబ్బిందని, పక్కన బొమ్మ కూడా వేసి మరీ రాశాను.

పుస్తకం తిరిగొచ్చింది. పేజీ నిండా ఒకటే పెద్ద ప్రశ్నార్థకం.

బడి వదిలాక పిలిచారు. "గుడ్డు పెట్టావా?"

"లేదు టీచర్."

"అది నాకు తెలుస్తూనే ఉంది. పక్కపిల్ల దాంట్లో చూసి రాసినా సరిగ్గా రాసేదానివి. ఈ తప్పు క్లాసులో ఇంకెవరూ రాయలేదు. ఇదెక్కడి నుంచి తెచ్చావో చెప్పు."

నేను ఏడుస్తూ చెప్పాను. "మా నాయనమ్మ జాడీల చూసిన టీచర్. మామిడికాయ ముక్కలు ఏసి ఉప్పు పోస్తది. మూడు దినాలకు జాడీ నిండ ఊట వస్తది. ఉప్పు ఏస్తె పెరుగుతది అనుకున్న."

ఆవిడ నన్ను తిట్టలేదు. "నువ్వు జాడీని చూశావు. ముక్కని చూడలేదు" అన్నారు. ఆ తర్వాత ఏభై ఏళ్ళలో ఎన్ని విషయాలకు ఆ మాట అన్నారో లెక్క లేదు. ఒకసారి నేను ఎవరి మీదో కోపంతో లేచిపోతుంటే "ముక్కని చూశావా?" అని మాత్రం అడిగారు. నాకు ఇంకా కోపం వచ్చింది, అది వేరే సంగతి.

ఆ ఆదివారం చర్చి అయ్యాక నేరుగా మా ఇంటికి వచ్చారు. మా నాయనమ్మ మడి మనిషి. గుడ్లు తినే ఇంటి మనిషిని గడప దాటనివ్వదు. నేను భయంతో తలుపు వెనక నిలబడ్డాను. టీచరు ఏమీ అనుకోకుండా అరుగు మీద కూర్చుని, "అమ్మగారూ, మీ పచ్చడి గురించి తెలుసుకుందామని వచ్చానండీ" అన్నారు.

నాయనమ్మకు అనుమానం వచ్చింది. "ఏందీ, తొక్కు గురించి తెల్సుకునేటందుకు కార్ఖానా నుంచి నడిచొచ్చినవా?"

"ఉప్పు వేశాక ముక్క ఎలా అవుతుందండీ?"

"ఎట్లయితది, వడలిపోతది. ముడతలు పడ్డదంటెనే ఊట మంచిగ దిగినట్టు."

"ఉబ్బదా?"

"ఉబ్బుడేంది! నీళ్ళన్ని బయటికొచ్చినంక ఇంకేం ఉబ్బుతది?" అని, నాయనమ్మ లోపలికి వెళ్ళి ఒక ముక్క తెచ్చి, తగలకుండా అరుగు మీద ఆకులో పెట్టింది. ముడుచుకుపోయిన ముక్క. పుట్టినప్పటి నుంచి తింటున్నాను, చూడటం మాత్రం అదే మొదలు.

తర్వాత ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఈ ఏడు ఉప్పు దొరక్క సగం కాయలే వేశానని, ఉప్పు తగ్గితే బూజు పడుతుందని నాయనమ్మ చెప్పింది. బూజులో ఉండేదీ ప్రాణమేనని, ఎక్కువ ఉప్పు పడితే దానిలోని నీళ్ళు కూడా బయటికి వచ్చేసి చస్తుందని టీచరు చెప్పారు. "గట్లనా!" అని నాయనమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఆ రోజు మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు ఆవిడకు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇక్కడ ఆవిడ ముసలితనంలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. నేను బోటనీ లెక్చరరుగా రిటైరైన తర్వాత ఆవిడ నుంచి పోస్టుకార్డు వచ్చింది. వణికే చేతిరాత. "నీళ్ళు పొరలోంచి ఊరికే జారిపోతాయని మీకు చెప్పాను. అది పూర్తిగా నిజం కాదట. నీళ్ళు పోవడానికి పొరలో ప్రత్యేకంగా దారులు ఉన్నాయని కనిపెట్టారు. దయచేసి దిద్దుకోగలవు." అడ్రసు తెలిసిన పాత విద్యార్థులందరికీ అలాంటి కార్డులే రాశారట. మనవరాళ్ళను ఎత్తుకున్న ఆడవాళ్ళకు కణం పొర గురించి దిద్దుబాటు! వెళ్ళి కలిస్తే ముఖం వెలిగిపోతూ ఉంది. "ఇన్నేళ్ళు తప్పు చెప్పానే, చూశావా! ఇంకా ఎన్ని తెలియాలో" అన్నారు. తన తప్పు బయటపడితే అంత సంతోషించిన మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు.

మళ్ళీ ఆ సంవత్సరానికి వస్తాను. శ్రావణమాసంలో మా బాపు నన్ను బడి మాన్పించాడు. రోజులు బాగాలేవన్నది నిజమే. గుడ్లు పట్టించే చదువు మనకెందుకన్నది అసలు కారణం. నేను కొట్టు వెనక కూర్చుని పప్పులో రాళ్ళు ఏరేదాన్ని. సెప్టెంబరులో మిలిటరీ వచ్చింది. తిరుమలగిరి వైపు లారీలు పోతుంటే మిద్దె మీద నుంచి చూశాం. కొన్నాళ్ళకు బడి తెరిచారు. కొట్టులోకి ఉప్పు బస్తా వచ్చింది. నేను మాత్రం పప్పు ఏరుతూనే ఉన్నాను.

టీచరు మళ్ళీ వచ్చారు. ఈసారి బాపు కూడా అరుగు మీద ఉన్నాడు.

"రోజులు ఇంక మంచిగ కాలేదు టీచరమ్మా. పిల్లను బయటికి పంపాలంటె పరేషాన్ అయితాంది" అన్నాడు.

"నేనే తీసుకెళ్ళి నేనే దింపుతానండీ. వచ్చే నెల సైన్సు ప్రాక్టికల్ పరీక్ష. అది తప్పితే పై క్లాసులో సైన్సు ఇవ్వరు."

"ఆ పరీక్షల గుడ్డు ముట్టుడు ఉంటదా?"

నేను తలుపు వెనక నుంచి వింటున్నాను. లేదని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆవిడ అనలేదు.

"నా చేతిలో ఉంటే ఆలుగడ్డతో చేయిస్తాను. కానీ పరీక్ష పెట్టేవారు బయటి నుంచి వస్తారు. గుడ్డే ఇస్తే గుడ్డే పట్టుకోవాలి. మీకు అబద్ధం చెప్పి పిల్లను తీసుకెళ్ళలేను."

బాపు లేవబోయాడు. నా చదువు అక్కడితో ముగిసిందనుకున్నాను. అప్పుడు లోపలి నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"నలభై ఏండ్ల సంది తొక్కు పెడుతున్న. మంచిగుందని తిన్నరు, ఉప్పెక్కువైందని తిట్టిన్రు. ఎందుకట్లయితదని ఒక్కలు సుత అడగలే. ఈ బిడ్డనే అడిగింది." గడప దగ్గరికి వచ్చి నిలబడింది. "పోనీ పిల్లను. ముట్టుకుంటె ముట్టుకుంటది. ఇంటికొచ్చి తలస్నానం చేసి లోపలికి వస్తది. ఏం కొంప మునుగుతది?"

మా బాపు తల్లి మాట కాదనేవాడు కాదు.

పరీక్షలో గుడ్డే ఇచ్చారు. పెంకు కరిగిపోయి, మెత్తగా, చల్లగా ఉంది. రెండు చేతుల్లోకి తీసుకున్నాను. ఉప్పునీళ్ళలో వేసి, జాడీని కాకుండా గుడ్డునే చూస్తూ కూర్చున్నాను. చూసిందే రాశాను.

సాయంత్రం టీచరు మాట ఇచ్చినట్టే ఇంటి దాకా వచ్చారు. నాయనమ్మ పెరట్లో వేడినీళ్ళు కాచి కాచుకుని కూర్చుంది. "ఆగు, ఆడనే ఆగు!" అని నన్ను రాతిబండ మీద నిలబెట్టి, నెత్తిన ఒక చెంబు పోసింది. రెండో చెంబు ముంచి ఎత్తి, ఆగిపోయింది.

"ఇంతకు అది ఉబ్బిందా, ముడుచుకుందా?"

"ముడుచుకుంది నాయనమ్మా! నీ ముక్క లెక్కనే. ఉప్పు బయట ఎక్కువున్నదా, లోపలి నీళ్ళను ఉప్పు గుంజింది..."

ఉప్పు నీళ్ళను గుంజదు. నీళ్ళే, ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి కదులుతాయి. క్లాసులో ఎవరైనా గుంజింది అంటే టీచరు అక్కడికక్కడ ఆపేసేవారు. పెరటి గేటు అవతల నిలబడి అంతా విన్నారు. నోరు తెరిచారు కూడా. అంతలోనే మూసుకున్నారు. గొడుగు భుజాన ఆన్చుకుని, తడిసిన జుట్టుతో వణుకుతూ నేను పాఠం చెబుతుంటే, మా నాయనమ్మ చెంబు అలాగే ఎత్తి పట్టుకుని వింటుంటే, కదలకుండా చూస్తూ నిలబడ్డారు.