ఎవరూ పాడని చిట్టీ

మా గద్వాలలో ఈ వానాకాలం ప్రతి వీధిలోనూ డెంగ్యూనే. ఈ రోజు మా ఇంట్లో మగ్గాలు నేసే ఆడవాళ్ల చిట్టీ పాట జరిగింది. పాటలో చిట్టీ డబ్బులోంచి ఎవరు ఎక్కువ వదులుకుంటే ఆ నెల చిట్టీ వాళ్లదే. ఎప్పుడూ పెద్ద గోల. ఈసారి అందరికీ డబ్బు అవసరమే, అయినా ఎవరూ నోరు విప్పలేదు. పక్కింటి లక్ష్మమ్మ మనవరాలు దవాఖానలో ఉంది. కోత లేకుండా డబ్బంతా ఆమెకే అందాలని అందరి కోరిక.

"ఏందే, ఇయ్యాల అందరికీ గొంతు పోయిందా?" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

డబ్బు తీసుకుని అమ్మా నేనూ పక్కింటికి వెళ్లేసరికి లక్ష్మమ్మ ఆటో దిగుతోంది. చేతిలో పాప చెప్పులు మాత్రమే ఉన్నాయి.

"ఇగ నాకెందుకు వదినా? మన చిట్టీల ఉన్న బాలమ్మ బిడ్డకు గూడ జ్వరమే కద, ఆమెకియ్యి. జల్ది పెద్ద దవాఖానకు తీస్కపొమ్మను. మేము పైసల కోసం చూస్కుంట ఆలిశం చేసినం" అంది.

అమ్మ అటునుంచి అటే బాలమ్మ ఇంటికి పరుగెత్తింది.

మా ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని నేనే. చిట్టీ లెక్కలన్నీ నేనే చూస్తాను. ఇంత ప్రేమ ఉన్నవాళ్లం పాట రోజు దాకా ఎందుకు ఆగామో నాకు అర్థం కావడం లేదు. మీకు తెలిస్తే చెప్పండి.