రావల్కోల్‌లో తిన్న ఒక్క తునక

ఈ మాట నా లోపల పడి ఎన్నేళ్లయిందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పలేను. మా బిడ్డ అప్పుడు బడికి పోయేది. ఇప్పుడు దానికి పెళ్లయి గాజులరామారంలో కాపురం చేసుకుంటోంది. అన్నేళ్లుగా మోస్తున్నాను. చనిపోయిన మా అత్త గురించి మా ఇంట్లో ఒక మాట నడుస్తుంది. చుట్టాలు కూడి మాంసం వండుకున్న రోజున ఎవరో ఒకరు తీస్తారు, నవ్వుతూనే తీస్తారు. అవ్వ నోరు కట్టుకోలేకపోయింది, నాయిన కాలు విరిగింది అని; అవ్వంటే మా అత్త, నాయినంటే మా ఆయన. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఆ నవ్వు సంగతి మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది మేడ్చల్. మా ఆయన ఒక దోస్తుతో కలిసి హైవే మీద రంగుల దుకాణం పెట్టాడు. రోడ్డు పనులు మొదలై గిరాకీ పోయింది. గిరాకీ వెంట దోస్తూ పోయాడు. అప్పు మాత్రం ఎటూ పోకుండా మా నెత్తిన కూర్చుంది. నా పుస్తెలతాడు కుదువకు పోయింది. నెల తిరిగేసరికి మిత్తి కట్టడానికే నానా తిప్పలు పడేవాళ్లం, అసలు అలాగే ఉండేది. నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరాను. ఆయన ఒక పాత ట్రాలీ ఆటో తీసుకుని కిరాయిలకు తిప్పడం మొదలుపెట్టాడు. మా అత్త, ఆయన, నేను ముగ్గురం కూర్చుని ఏమేం తగ్గించాలో మాట్లాడుకున్నాం. కేబుల్ తీసేశాం. బయట చాయ్ బంద్. ఇంకేం తగ్గిద్దాం అంటే మా అత్తే అంది, నీసు బంద్ పెడదాం అని.

అంతటితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ మా అత్తకు మనుషులు ఒకరికొకరు ఇచ్చుకునే మాట మీద నమ్మకం తక్కువ, దేవత ముందు అన్న మాట మీదే నమ్మకం. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడుపు కట్టింది. అప్పు తీరేదాకా ఇంటిల్లిపాదీ మాంసం, చేప, గుడ్డు ముట్టమని, తీరిన రోజున యాటను కోస్తామని పోచమ్మకు మొక్కింది. ముడుపు మీద మా ఇద్దరి చేతులూ వేయించింది. బిడ్డకు మాత్రం బడిలో పెట్టే గుడ్డు తినొచ్చని అమ్మవారితో తనే బేరమాడి ఒప్పించుకుంది. అలా ఖర్చు తగ్గించుకునే సంగతి కాస్తా పాపపుణ్యాల సంగతైపోయింది. మామూలుగా అయితే ఒకరోజు మనసాగక పావుకిలో కోడికూర తెచ్చుకున్నాం అనుకోండి, మర్నాడు లెంపలేసుకుని మళ్లీ మొదలుపెడతాం. మొక్కుకు ఆ వీల్లేదు. తింటే దాచిపెట్టాల్సిందే.

మా అత్త ఎటువంటి మనిషనుకున్నారు? ముక్క లేనిదే ముద్ద దిగని మనిషి. తలకాయ కూరైనా బోటి అయినా ఆమె వండితే వాడంతా వాసన చూసేది. అటువంటి మనిషి నోరు కట్టుకుంది. ఆదివారం పక్కింట్లో మసాలా వేయిస్తుంటే పచ్చిపులుసు అన్నం కలుపుకుని గుమ్మంలో కూర్చునేది. వాసనతోనే రెండు ముద్దలు ఎక్కువ పోతున్నాయి, పక్కింటివాళ్లకు పైసలు కట్టాలేమో అని పరాచికాలాడేది. ఆమెను చూసి నాకూ ధైర్యం వచ్చేది. ఆ వయసులో ఆమే ఉండగలిగితే నేనుండలేనా అనుకునేదాన్ని.

ఒకరోజు నాతో పనిచేసే పిల్ల బిడ్డకు తొట్టెల పండుగ ఉందంటే శామీర్‌పేట పోతున్నాను. ఆ పొద్దున గాజులరామారంలో సామాను దింపేదుందని మా ఆయన బయల్దేరాడు. నేను షేర్ ఆటోలో చెరువు దగ్గరికి వచ్చేసరికి అక్కడ చేపలు వేయించి అమ్మే బండ్ల పక్కన మా ట్రాలీ ఆగి ఉంది. ఆయన వెనక చెక్క మీద కూర్చున్నాడు. చేతిలో కాగితం ప్లేటు. నిమ్మచెక్క పిండుకుని, ముల్లు తీసి, నెమ్మదిగా తింటున్నాడు. ముఖంలో ఎంత నిమ్మళం! దుకాణం మునిగిన నాటి నుంచి ఆ ముఖాన్ని నేను మా ఇంట్లో చూడలేదు. తప్పు చేస్తున్న బెదురైనా ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదేమో. బండివాడు అడక్కుండానే ఇంకో ముక్క వేశాడు. రోజూ వచ్చేవాళ్లకే కదా అలా వేస్తారు.

నేను ఆటో దిగకుండానే పండుగకు పోయాను. పండుగలో యాట కూర వడ్డిస్తుంటే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి పెరుగన్నం తిని వచ్చాను. ఎవరి కోసం? సాయంత్రం ఏం తిన్నావని అడిగాను. పొద్దున తిన్న ఉప్మాయే అన్నాడు. నా ముఖం చూస్తూనే అన్నాడు. పైగా వాళ్ల అమ్మ పెట్టిన ముద్దపప్పు లొట్టలేసుకుంటూ తిన్నాడు. ఆ రోజే గల్లా పట్టుకుని అడిగి ఉండాల్సింది. ఎందుకు అడగలేదు? అడిగితే ఏడుస్తాడు, కాళ్లు పట్టుకుంటాడు, నేను క్షమించాల్సి వస్తుంది. నాకు క్షమించాలని లేదు. ఇంత పచ్చిగా ఇదివరకెప్పుడూ నాకు నేనైనా ఒప్పుకోలేదు.

మరి నేనేం చేశాను? తర్వాతి వారం జీతం పడిన రోజున మేడ్చల్ డిపో దగ్గర దిగి, చికెన్ పకోడీ బండి ముందు నిలబడ్డాను. మొదటిసారి రుచే తెలియలేదు, నీకొక్కడికేనా నోరున్నది అని లోపల ఆయన్ను తిట్టుకుంటూ నమిలాను. రెండోసారి రుచి తెలిసింది. ఆ తర్వాత ఆయన్ను తిట్టుకోవడం కూడా మర్చిపోయాను. కంపెనీలో ఓటీ ఉందని చెప్పేదాన్ని. నోరు పుక్కిలించి, సోంపు నములుకుంటూ ఇంటికి పోయేదాన్ని. అలసిపోయి వచ్చావు బిడ్డా అని మా అత్త కాళ్లకు వేడినీళ్లు పెట్టేది.

అలా నడుస్తుండగా ఆయన ఆటో బోల్తా పడింది. టిప్పర్ రాంగ్ రూట్లో వచ్చింది, తప్పించబోయి గుంతలోకి దిగాడు. కాలు విరిగింది, రాడ్ వేశారు. దవాఖానా ఖర్చు పాత అప్పు మీద కొత్త అప్పయింది. ఇది టిప్పర్ పని అని నాకు తెలుసు, ఇప్పుడూ అదే అంటాను. మా అత్త మాత్రం మొక్కు తప్పినందుకే అనుకుంది. ఇంటికి తెచ్చిన రెండో రోజున ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు. నేను కింద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"నువ్వేమన్న ముట్టినవా బిడ్డా? ముడితే చెప్పు, నేనేమన. ఇద్దరం గలిసి తల్లికి దండం బెట్టుకుందం."

"లేదత్తా. నేను ముట్టలే."

ఆమె చాలా మెల్లగా అంది.

"అయితే నేనే. మొన్న రావల్కోల్ల మా చెల్లె మన్మని పుట్టెంటికలకు వోయిన గదా. వద్దనంగనే ఒక్క తునక ఏసిన్రు. పారెయ్యబుద్ధి గాలే, నోట్లేసుకున్న. నా కొడుకు కాలు నేనే ఇరగ్గొట్టుకున్న."

కొడుకును ఆమె అడగనే లేదు. అడగాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. ఆయన మెలకువగానే ఉన్నాడు, నేను చూశాను. అంతా విని, కాలు కదలకుండా నడుము పైభాగం మాత్రం తిప్పుకుని ముఖం గోడ వైపు పెట్టుకున్నాడు. కన్నతల్లి ఏడుస్తుంటే ఒక్క మాట నోట రాలేదు ఆ మనిషికి. చేప సంగతైతే సరే, ఆకలికి లొంగాడనుకుంటాను. ఆ గోడ వైపు తిరగడాన్ని మాత్రం నేటికీ క్షమించలేదు.

అది తలుచుకుంటే నా కోపం ఇప్పటికీ మండుతుంది. మండీ మండీ నా మీదికే వస్తుంది. ఆయన గోడ వైపైనా తిరిగాడు, నేను ఆమె కళ్లలోకి చూసి అబద్ధమాడాను. భయపడి ఆడానా? కొంత భయమే. కానీ దాని కింద ఇంకొకటి ఉంది. నీ కొడుకు నన్ను మోసం చేశాడు, ఆ పాపం నువ్వే మొయ్యి అన్న పాడుబుద్ధి. ఏ తప్పూ తెలియని ఆ ముసలిదాని మీద కసి తీర్చుకున్నాను. బియ్యంలో రాయి దొరికితే తీసి పక్కన పెట్టాను, అది గుర్తుంది.

నేను ఆ తర్వాత డిపో దగ్గర ఆగలేదు. ఆయన కూడా చెరువు వైపు పోలేదనే అనుకుంటాను. కాలు అతుక్కోవడానికి చాలా కాలం పట్టింది, అప్పు తీరడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. తీరింది. పుస్తెలతాడు మెడలోకి వచ్చిన వారానికి యాటను కోశాం. ఊరందరికీ వడ్డించింది మా అత్తే. తను మాత్రం తినలేదు. జీవమున్నంత కాలం ముట్టనని తల్లికి మాటిచ్చానంది. తప్పు చేసిన నోటికి అదే శిక్ష అంది. చుట్టాలు నవ్వారు. ఆ నాటి నుంచే ఆ మాట ఇంట్లో నడవడం మొదలైంది.

చివరికి ఆమె మంచాన పడింది. ఒంట్లో రక్తం లేదని, రోజుకొక గుడ్డు, వీలైతే పాయా పెట్టమని డాక్టర్ చెప్పాడు. గుడ్డు ఉడకబెట్టి, వొలిచి, నోటి దాకా తీసుకుపోయాను. తల తిప్పుకుంది. వద్దు బిడ్డా, మళ్లీ నా కొడుక్కేమన్న అయితే అంది. నా చేతిలో గుడ్డు. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట, అత్తా నీ తప్పేం లేదు అని చెప్పి ఉంటే ఆమె తినేది. తిని ఉంటే బతికేదా? ఏమో, డాక్టర్ అంత మాట అనలేదు. కానీ ఇష్టమైనది తిని పోయేది కదా. నేనేం చేశానో తెలుసా? ఎంత మొండిదానివి అత్తా అని విసుక్కున్నాను. ఆ గుడ్డు తీసుకుపోయి కుక్కకు వేశాను.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, నిన్న మా బిడ్డ ఫోన్ చేసింది. దానికీ అల్లుడికీ కార్డు అప్పులు, కిస్తులు మీద పడ్డాయట. బయట తిండి, బట్టలు, సినిమా అన్నీ బంద్ పెట్టి, అవ్వ లెక్క ముడుపు కట్టి మొక్కుకుంటామని అంది. వద్దంటే వద్దన్నాను. కిస్తు ముందు కట్టుకోండి, మిగిలిన దాంట్లో వారానికొకసారి పావుకిలో తెచ్చుకుని ఇద్దరూ ఒకే కంచంలో తినండి, అప్పు తీరడం రెండు మూడు నెలలు ఆలస్యమైతే కానివ్వండి, కానీ ఒకరికి తెలియకుండా ఒకరు తినే గతి తెచ్చుకోవద్దు అని చెప్పాను. ఎన్నడూ లేనిది అంతసేపు మాట్లాడేసరికి అది నవ్వింది.

"ఏందమ్మా, నాగ్గూడ అవ్వ లెక్క నోరాగదనుకుంటున్నవా?"

నేను ఫోన్ పెట్టేశాను. దానికి చెప్పలేకపోయాను. చెప్తే తండ్రి సంగతీ చెప్పాలి. ఆయన ఇప్పుడు కుంటుకుంటూనే ఆదివారం పొద్దున్నే మాంసం తెస్తాడు, తనే కడుగుతాడు, నల్లి బొక్క నాకు వేస్తాడు. నేను ఆయన్ను శామీర్‌పేటలో చూసినట్టు ఆయనకు తెలియదు. నా పకోడీ సంగతీ తెలియదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తింటాం. రేపు మా బిడ్డ పిల్లలు కూడా అవ్వ నోరు గురించి నవ్వుతారు.

మీకైనా చెప్పాను. మీరు నన్నేమనుకున్నా సరే, మా అత్తను మాత్రం ఏమీ అనుకోకండి. ఆమె వద్దంటున్నా వేశారు, ఒక్క తునక. పారేయబుద్ధి కాక తింది. అడగకుండానే ఒప్పుకుంది కూడా.

అత్తా, నేను ముట్టిన. నీ కొడుకు గూడ ముట్టిండు. నీకన్న ముందే ముట్టినం.