అన్నం తిన్నాకే సమను

శ్రీకాకుళం కోర్టులో సమన్లు పట్టుకెళ్లే బంట్రోతు జోగయ్యకి ఒకే ఒక్క అలవాటు ఉండేది. ఏ ఇంటికి సమను తీసుకెళ్తే ఆ ఇంట్లో అన్నం తినేవాడు. తిన్నాకే కాగితం బయటికి తీసేవాడు. అప్పుల దావా కానీ, గట్టు తగాదా కానీ, మొగుడూ పెళ్లాల వ్యాజ్యం కానీ, ముందు విస్తరి పడాలి. తరవాతే చట్టం.

ఆ కోర్టు నాజరు నరసింగరావు. ఏ సమను ఎవరు పట్టుకెళ్లాలో పంచిపెట్టి, తిరిగొచ్చిన కాగితాలు సరిచూసుకునే ఉద్యోగం ఆయనది. దావాలన్నీ ఆయనకి నంబర్లతో గుర్తుండేవి. జోగయ్యకి నంబర్లు ఎక్కేవి కావు, కూరలే ఎక్కేవి.

"అరవై ఆరులో నూటపన్నెండు ఏమైందయ్యా?" అని నాజరు అడిగితే జోగయ్య కాసేపు కళ్లు మూసుకునేవాడు.

"ఆమదాలవలస ధాన్యం కొట్టాయన గదా బాబూ. పనసపొట్టు కూర దావా. ఇచ్చీసినాను. ఆవ కాస్త ఎక్కువైనాది."

"ఆ పక్క గట్టు తగాదా?"

"అది వంకాయా ఎండురొయ్యలూ. రెండుసార్లు ఎల్లాల్సొచ్చింది."

"మనిషి దొరకలేదా?"

"మనిసి దొరికినాడు బాబూ. మొదటిసారి కూర ఉడకనేదు."

తిండి ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. ఆ తినే తీరు మరీ ఘోరం. ముద్ద కలిపి, దాన్ని కాసేపు చూసి, ఎదుటివాళ్ల బాగోగులు అడిగి, అప్పుడు నోట్లో పెట్టుకునేవాడు. జోగయ్య పీట మీద కూర్చున్నప్పుడు తోడు పెట్టిన పాలు, అతను లేచేసరికి పెరుగై ఉండేవని కోర్టు వరండాలో చెప్పుకునేవారు. ఇంకో చిక్కు ఏమిటంటే, బంట్రోతు వెంట దావా వేసినవాళ్ల మనిషి ఒకడు వెళ్లడం రివాజు, "ఈ మనిషే ఆ మనిషి" అని చూపించడానికి. ఆ వచ్చినవాడు అరుగు మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, చివరికి బస్సు వేళైందని తిట్టుకుంటూ వెళ్లిపోయేవాడు.

ఫిర్యాదులు వచ్చాయి. నాజరు సంజాయిషీ అడిగాడు. జోగయ్య ఒక గుమాస్తాని బతిమాలి రాయించుకొచ్చాడు: "ఆకలి వేసినందున భోజనము చేసితిని. మరల వేయగలదు."

మొగుడూ పెళ్లాల దావాల సంగతి వస్తే మాత్రం జోగయ్య కూర పేరు చెప్పేవాడు కాదు. "ఆ కొంపల్లో ఉప్పు కుదరదు బాబూ. ఒకపాలి మర్సిపోతారు, ఒకపాలి రెండుసార్లు ఏస్తారు," అని ఊరుకునేవాడు.

అరవై ఎనిమిది వేసవిలో ఎర్రన్న పిటిషను వచ్చింది. ఎర్రన్నది కళింగపట్నం, వేట మీద బతికే కుటుంబం. తను మాత్రం నాలుగు ముక్కలు చదువుకుని శ్రీకాకుళంలో ఒక సర్కారు ఆఫీసులో అటెండరుగా కుదిరాడు. ఇప్పుడు వేరే పిల్లను చేసుకోవాలని ఉంది. కులపెద్దల దగ్గర తెంచుకుంటే ఒక పూటలో అయిపోయేది గానీ, కోర్టు కాగితం లేకుండా రెండో పెళ్లి చేసుకుంటే ఉద్యోగం ఊడుతుందని ఎవరో చెప్పారు. అందుకని ఈ దారి పట్టాడు.

నాజరు పిటిషను చదివాడు. "నా భార్య గున్నమ్మ కారణము లేకుండా నన్ను విడిచి పుట్టింట నున్నది. ఆమెను కాపురమునకు రమ్మని ఉత్తరువు చేయవలెను." రమ్మని వేసే ఈ పిటిషన్లలో సగం, రాకూడదని వేసేవేనని ఆయనకి తెలుసు. ఆడమనిషి కోర్టుకి రాదు. ఏకపక్షంగా డిక్రీ వస్తుంది. ఆ తరవాత రెండేళ్లు ఆమె కాపురానికి రాకపోతే, అదే కారణంగా విడాకులు అడగొచ్చు. రమ్మన్న కాగితమే పొమ్మనే కాగితానికి మెట్టు.

"సార్, ఆ తిండిపోతును పంపకండి," అన్నాడు ఎర్రన్న. "నాకు సెలవు ఒక్క పూటే."

ఉన్న ముగ్గురు బంట్రోతుల్లో కళింగపట్నం వైపు జోగయ్యదే. నాజరు ఆలోచించి, ఈ తిండి భాగోతం కళ్లారా చూసి నివేదిక రాసేద్దామని వాళ్లిద్దరితో తనూ బయల్దేరాడు. బస్సులో జోగయ్య ఒళ్లో సంచి ఉబ్బుగా కనిపించింది.

"ఏమిటయ్యా అందులో?"

"రికార్డు బాబూ."

గున్నమ్మ తాటాకు గుడిసె ముందు ఇసకలో నెత్తళ్లనే సన్న చేపలు ఎండబెడుతోంది. తల్లీ తండ్రీ లేరు. ఆరేళ్ల కూతురు అమ్మడు కాకుల్ని తోలుతోంది. తండ్రిని చూడగానే ఆ పిల్ల కర్ర పారేసి తల్లి వెనక్కి చేరింది. జోగయ్య నోరు తెరవకముందే గున్నమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ముట్టను. సంపీసినా ముట్టను."

ఎర్రన్న మొహం విప్పారింది. "సూసినారు గదా సార్. వొద్దంతన్నాది. వొద్దన్నాదని రాసీసి తడికకి అంటించీండి."

చట్టం ప్రకారం అంతే. పుచ్చుకోనంటే తలుపుకి అంటించి రావడమే, ఇచ్చినట్టే లెక్క. నాజరు కలం తీశాడు. జోగయ్య సంచి మూతి విప్పాడు. అందులోంచి బియ్యం మూట, కందిపప్పు, నాలుగు ఉల్లిపాయలు, చింతపండు బయటికొచ్చాయి.

"రాద్దాం లెండి బాబూ, ముందు బువ్వ. అమ్మా, పొయ్యి ఎలిగించు. మా ఇంటిది కూర్మమ్మ కట్టి పంపినాది. ఎండు నెత్తళ్లు నువ్వే ఎయ్యాల."

పనసపొట్టు కూర ఇళ్ల నుంచే ఫిర్యాదులు వచ్చేవి. గుడిసెల నుంచి ఒక్కటీ ఎందుకు రాలేదో నాజరుకి అప్పుడు తట్టింది.

అన్నం ఉడికింది. అమ్మడికి ముందు పెట్టించి, నాజరుకి పెట్టించి, జోగయ్య తీరిగ్గా కూర్చున్నాడు. ఎర్రన్న తిననన్నాడు. ఎండలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఎంతసేపు మావా?"

"ముల్లు సూసుకోవాల గదరా అల్లుడా."

"నెత్తళ్లకి ముల్లేటి?"

"అదే ఎతుకుతన్నాను."

రెండు గంటల బస్సు హారను వినిపించింది. "మీరు రాసుకొచ్చీండి సార్," అని ఎర్రన్న పరుగెత్తాడు. బస్సు మోత దూరమయ్యేదాకా జోగయ్య చెయ్యి విస్తరిలోనే ఉంది. ఆ తరవాత మిగిలిన అన్నం నాలుగు ముద్దల్లో మింగేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు. అతను అంత వేగంగా తినగలడని నాజరుకి అన్నేళ్లుగా తెలియదు.

"ఇప్పుడు సెప్పు తల్లీ. ఎందుకు ముట్టవు?"

గున్నమ్మ నేలచూపులు చూస్తూ చెప్పింది. "మా పెద్దలు పుల్ల యిరిసి ఆడదాని సేతిలో పెడతారు బాబూ. పట్టుకుంతే తెగిపోయినట్టే. పిల్లలు ఆడికి ఎలిపోతారు. మా అప్ప సేతిలో పెట్టినారు. అది పట్టుకున్నాది. మరి పిల్లల్ని సూడనేదు, అలగే పోయింది."

అమ్మడు అన్నం నమలడం ఆపింది.

"ఇది పుల్ల కాదమ్మా, పిలుపు," అన్నాడు జోగయ్య. "పట్టుకుంతే నువ్వూ మాటాడొచ్చు. నేకపోతే ఆడొక్కడే మాటాడతాడు. మిగతాది నాజరుబాబు సెప్తారు."

నాజరు చెప్పాడు. కాపురానికి రమ్మని ఇందులో ఉందనీ, వాయిదాకి రాకపోతే రెండేళ్లకి ఏమవుతుందో కూడా చెప్పాడు.

"ఆడు నన్ను రమ్మన్నాడా?" గున్నమ్మ నవ్వింది. ఎడం చెయ్యి ముందుకి పెట్టింది. మోచెయ్యి దగ్గర వంకరగా అతుక్కుపోయి ఉంది. "ఇది యిరిసిన రోజున రమ్మననేదు మరి."

నాజరు దగ్గరికొచ్చి ఆ చేతిని చూశాడు. "ఎవరైనా చూశారా?"

"సికాకులంలో పక్కింటి లక్ష్మణమ్మ. ఆమే ఆస్పత్రికి తోలుకెల్లినాది."

"ఆవిడను తీసుకురా. ఎందుకు వచ్చేశావో జడ్జిగారికి చెప్పు. నీ తిండికీ, దావా ఖర్చులకీ అతని దగ్గరే ఇప్పించమని అడగొచ్చు. పుల్లలు విరిచేవాళ్లు అక్కడ ఉండరు."

గున్నమ్మ కుడిచెయ్యి చీరకి రెండుసార్లు తుడుచుకుంది. కాగితాన్ని వేడి గిన్నెలా రెండు వేళ్లతో పట్టుకుంది. ఏమీ కాలేదు. కూతురి వైపు చూసింది. పిల్ల అక్కడే ఉంది. అప్పుడు పూర్తిగా పట్టుకుని వేలిముద్ర వేసింది.

వాయిదా రోజున పేరు పిలిస్తే ఎర్రన్న ఒక్కడే లేచాడు. రెండో పిలుపుకి గుమ్మంలోంచి "ఉన్నాను బాబూ" అని వినిపించింది. గున్నమ్మ, పక్కన లక్ష్మణమ్మ. ఎర్రన్న మళ్లీ కూర్చున్నాడు. దావా ఏడాది నడిచింది. చెయ్యి విరిచిన సంగతి రుజువై పిటిషను కొట్టేశారు. పిల్ల తల్లి దగ్గరే ఉంది. ఆ చెయ్యి మాత్రం వంకరగానే ఉండిపోయింది.

జోగయ్య మీద నివేదికలో నాజరు ఇలా రాశాడు: "విచారించగా, సమను ఇచ్చుటకు ముందు ఇతడు భోజనము చేయుట నిజమే. అది ఇచ్చుటలో భాగముగా కనబడుచున్నది."

తీర్పైన కొన్నాళ్లకి ఒక గుమాస్తా వచ్చి, "అరవై ఎనిమిదిలో ఇరవై మూడు కట్ట ఎక్కడుందండీ?" అని అడిగాడు.

నరసింగరావు కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"ఎండు నెత్తళ్ల దావా కదూ. పై అరలో ఉంది చూడు. ఉప్పు సరిగ్గా కుదిరింది."