నూలుతో తుడిచిన ఇంజను

బడిని నేను వదిలానో, బడే నన్ను వదిలించుకుందో గానీ, ఆరో తరగతి తర్వాత ఇద్దరం సుఖంగా ఉన్నాం. అలాంటి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సిరిసిల్లలో ఉండే మా అక్క భర్త, అంటే బావ, కారు ఇంజను విప్పాడు.

మరమగ్గాలు తుక్కుకు అమ్మేసి, కిరాయిలకు తిప్పడానికి కొన్న పాత కారది. ఇంజను పట్టేసింది. మెకానిక్కుకు ఇచ్చే స్తోమత లేదు. జగిత్యాల తుక్కు దుకాణాల్లో పాత పిస్టన్లు ఏరుకొచ్చాడు. ఏ వస్తువు చేతికొచ్చినా మగ్గాల దగ్గర మిగిలిన వేస్టు నూలుతో తుడవడం బావ అలవాటు. ఒక్కో పిస్టనునూ పసిపిల్లను తుడిచినట్టు తుడిచి, "అద్దమోలె ఉన్నది సూడు బామ్మర్దీ" అనేవాడు.

బండి కదిలింది. కోరుట్ల చేరకముందే మళ్లీ పట్టేసింది. విప్పి చూస్తే, ఆయిలు పోయే జాలీ నిండా నూలు పోగులు. ఆయిలు అందక లోపలంతా మాడిపోయింది. బావ ఆ పోగులను వేళ్లతో తీస్తూ కూర్చున్నాడు.

నా నోరు ఊరుకోదు కదా. "ఇంజన్ల గూడ చీర నేస్తివా బావా?" అన్నాను. చాలా రోజులకు బావ నవ్వాడు.

అక్క నన్ను పక్కకు పిలిచింది. "ఆయన్ను నవ్వియ్యకు తమ్మీ. ఇంట్ల అమ్మెటందుకు ఇంకేం మిగల్లే. నవ్విండంటే మళ్ల బాగు చేద్దామంటడు."