అంచులు అరిగిన టైర్లు

మా కారులో డ్రైవరు సీటు కింద ఒక లీవరు ఉంది. దాన్ని పైకి లాగి సీటు బాగా ముందుకు జరుపుకుంటే తప్ప నా కాలు క్లచ్చుకు అందదు. మావారు పొడుగు, నేను పొట్టి. ఆయన నడుం దెబ్బ తిన్నాక కారు నా చేతికి వచ్చింది. నడిపిన ప్రతిసారీ, ఇంటికొచ్చి దిగే ముందు సీటును మళ్లీ వెనక్కి, ఆయన కొలతకు జరిపేదాన్ని. అలా చెయ్యమని చెప్పింది ఆయనే. రేపో ఎల్లుండో తనే నడపాలి కదా అన్నారు.

ఆయన పని చేపల చెరువుల మీద. కొల్లేరు లంకల్లో నలుగురు రైతుల చెరువులకు సూపర్‌వైజరు. పొద్దున్నే ఏలూరులో బయల్దేరి, గట్ల వెంట కారులో తిరిగి, మేత ఎంత తింటున్నాయో చూసి, నీళ్ల రంగు చూసి, సాయంత్రానికి ఇల్లు చేరేవారు. ఒక వానాకాలం గట్టు మీద జారి, నీళ్లు తోడే ఇనప పైపు మీద వెల్లకిలా పడ్డారు. నాలుగు నెలలు మంచం మీదే ఉన్నారు. ఆ నాలుగు నెలలూ కారు కూడా మా షెడ్డులో అంగుళం కదలకుండా నిలబడింది. నేను బడికి ఆటోలో వెళ్లేదాన్ని, దాని గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు.

తాడేపల్లిగూడెంలో ఫిజియోథెరపీ చేసే ఒకాయన హస్తవాసి మంచిదని మా చర్చిలో ఎవరో చెప్పారు. వారానికి రెండు రోజులు ఒంటిపూట సెలవు పెట్టి తీసుకెళ్లేదాన్ని. ఆ థెరపీ ఆయన మొదటి రోజే ఒక మాట అన్నాడు. కారులో గంటసేపు నొప్పి లేకుండా కూర్చోగలిగిన రోజు మావారే స్టీరింగు పట్టుకోవచ్చని. ఏలూరు నుంచి గూడెం కాస్త అటూ ఇటూగా గంట. అంటే వెళ్లిన ప్రతిసారీ అది ఒక పరీక్ష. చెరువుల రైతులు మంచివాళ్లు, ఇంకా వేరే మనిషిని పెట్టుకోలేదు. మళ్లీ చేపపిల్ల వదిలే వేళకు వస్తే చాలన్నారు. గట్ల మీద కారు నడపలేనివాడు ఆ పని చెయ్యలేడు, అది వాళ్లకూ తెలుసు, మాకూ తెలుసు.

పరీక్ష మాత్రం ప్రతిసారీ తప్పుతూనే ఉంది. అరవై దాటితే స్టీరింగు వణికేది. సీటు కింద ఏదో తడుతున్నట్టు డబ్ డబ్ మని ఒకటే చప్పుడు. భీమడోలు వచ్చేసరికి ఆయన మొహం ముడుచుకుపోయేది. "గోతులు చూసి నడపవా?" అనేవారు. రోడ్డు మీద గొయ్యి ఉండేది కాదు. ఆ మాట నేను చెప్పేదాన్ని కాదు, ఎందుకంటే నాకూ నమ్మకం లేదు. నలభై దాటాక నేర్చుకున్న డ్రైవింగు. క్లచ్చు సరిగ్గా వదలడం లేదేమో, బ్రేకు మోటుగా తొక్కుతున్నానేమో అనుకుని ఇంకా నెమ్మదిగా నడిపేదాన్ని. వెనక లారీలవాళ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడిచేవారు. ఒక రోజు గూడెం చేరాక ఆయన దిగుతూ, నయమయ్యే నడుం కూడా నా వల్ల నయం కావడం లేదన్నారు. నాకు ఒళ్లు మండింది. కారు వెనక్కి తిప్పి, నాలుగు అడుగుల అవతల ఉన్న టైర్ల షాపులో పెట్టాను.

షాపాయనకు యాభై ఏళ్లుంటాయి. నా మాట సగం వినే సరికే బ్యాలెన్సింగు చెయ్యాలన్నాడు. చక్రాన్ని మిషను మీద గిర్రున తిప్పి, ఎక్కడ బరువు తక్కువో చూసి, రిమ్ముకు చిన్న సీసం ముక్కలు కొట్టాడు. వణుకు కొంత తగ్గింది, చప్పుడు తగ్గలేదు. తర్వాతి వారం మళ్లీ వెళ్లాను. ఈసారి నాలుగు చక్రాలూ విప్పించి, గొంతుక్కూర్చుని ఒక్కో టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ నిమురుతూ పోయాడు.

"ఇది కొల్లేరు గట్ల మీద తిరిగిన బండేనాండి?" అన్నాడు.

ఎలా తెలిసిందని అడిగాను. టైరు నా ముందుకు దొర్లించాడు. మధ్యలో గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి. రెండు అంచులూ మాత్రం నున్నగా అరిగిపోయాయి. వానాకాలం రేగడి మట్టిలో జారకుండా అక్కడివాళ్లు టైర్లలో సగం గాలి తీసేస్తారట. టైరు వెడల్పుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి కొట్టించుకోవాలి. ఎవరూ కొట్టించరు, గాలి తగ్గిన బండి మెత్తగా పోతుంటుంది కాబట్టి. ఆ మెత్తదనానికి అలవాటు పడి ఏళ్ల తరబడి అలాగే తిరుగుతారు, బరువంతా అంచుల మీద పడి అవి అరిగిపోతాయి. పైగా ఇది నెలల తరబడి ఒకేచోట నిలబడిన బండి. గాలి లేని టైరు నేలకు ఆనినచోట చదునైపోయిందన్నాడు. డబ్ డబ్ మంటున్నది ఆ చదునే.

"బరువైతే సీసంతో సరిచేస్తానండి. గుండ్రం నేను తేలేను కదండీ," అన్నాడు.

ఇరవై ఏళ్లుగా బోర్డు మీద వృత్తాలు గీసి లెక్కలు చెబుతున్నాను. అంత తేలిగ్గా నేను ఎవరికీ చెప్పలేదు. కానీ అప్పుడు నాకు తోచింది లెక్కల సంగతి కాదు. మా కారు ఎంత మెత్తగా పోతుందో చూడమని మావారు మా బంధువులందరినీ ఎక్కించుకుని తిప్పిన రోజులు గుర్తొచ్చాయి. సంతోషించాను. దాచుకోవడం ఎందుకు, చాలా సంతోషించాను.

థెరపీ అయ్యాక నడుముకు బెల్టుతో ఆయన మెల్లగా నడిచి వచ్చారు. విప్పిన టైరును ఆయన ముందు నిలబెట్టి, "ఏవండీ, ఒకసారి చెయ్యి పెట్టి చూడండి," అన్నాను. నా గొంతులో బడి టీచరు ఉంది, ఆ సంగతి నాకు తెలుసు. ఆయన నిలబడే అంచు మీద వేళ్లు పోనిచ్చారు. తర్వాత మధ్యలో. మళ్లీ అంచు మీద. గాలి తీసింది తనేనని ఒప్పుకుని, నాలుగూ మార్చెయ్యమన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చే దారిలో మా ఇద్దరికీ ఒకే ధీమా. ఇన్నాళ్లూ నొప్పి పెట్టింది టైర్లు. టైర్లు పోయాయి కాబట్టి నొప్పీ పోతుంది.

తర్వాతి ప్రయాణానికి ఆయన తెల్లచొక్కా వేసుకున్నారు. కారు చప్పుడు లేకుండా పోతోంది. ఎనభైలో కూడా స్టీరింగు వణకలేదు. భీమడోలు దాటింది. నేను పక్కకు చూడలేదు, చూస్తే ఏమవుతుందో అన్నట్టు. కైకరం దగ్గర ఆయన చెయ్యి పైకి లేచి తలుపు పైనున్న పిడిని పట్టుకుంది. వేళ్లు తెల్లబడేలా పట్టుకున్నారు. నేను రోడ్డు వంక చూశాను. నున్నగా ఉంది. ఒక్క గొయ్యి కనిపిస్తే బాగుండునని నిజంగా అనిపించింది. గోతులు చూసి నడపమని ఆయన అంటే బాగుండునని కూడా అనిపించింది. ఆయన అనలేదు.

నొప్పిగా ఉందా అని అడిగాను.

"టైర్లు బాగున్నాయి," అన్నారు.

గూడెంలో థెరపీ మామూలుగానే జరిగింది. తిరుగు దారిలో చెరువుల రైతులకు తనే ఫోన్ చేసి, ఈసారి చేపపిల్ల వదిలే వేళకు వేరే మనిషిని చూసుకోమని చెప్పారు. గొంతు మామూలుగానే ఉంది. వాళ్ల మేత సంగతి కూడా అడిగారు.

ఇల్లు చేరాం. షెడ్డులో కారు ఆపి, ఎప్పటిలాగే వంగి లీవరు అందుకున్నాను. ఆయన అప్పటికి తలుపు తీసి ఒక కాలు కింద పెట్టారు. దిగకుండా ఆగారు.

"ఉండనీ," అన్నారు. "నీ కొలతకే ఉండనీ."

లీవరు మీద నుంచి చెయ్యి తీసేశాను.