నాకు రాశి ఇచ్చిన పంతులు

శివరాత్రి వెళ్లిన మర్నాడు పొద్దున్నే మా వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. గద్వాల నేతగాళ్ల వీధిలో అది మంచి వార్త కాదు. మా గోడ పక్కనే ఉండే సిద్ధాంతి నిద్రలోనే కన్నుమూశారు. మనసు కలుక్కుమంది. మీరేమైనా అనుకోండి, వెంటనే ఇంకో మాట కూడా తోచింది: నేను రిటైరైన రోజు ఒక్క మగ్గమూ ఆగలేదు.

నేను చరిత్ర పాఠాలు చెప్పిన మాస్టర్ని. మసీదుకు పోయేవాణ్ణి, పంచాంగంతో పని లేనివాణ్ణి. అయినా ఏటా ఉగాదినాడు ఆయన పంచాంగం చదువుతుంటే పందిరి కింద ముందు వరుసలో కూర్చునేవాణ్ణి. భక్తితో కాదు, కుళ్లుతో.

ఉగాది ముందురోజు ఆయన గోడ మీదుగా అడిగేవారు. "భాయ్, మన గద్వాల, వనపర్తి సంస్థానాలు ఎట్ల పోయినయో మల్లొకసారి జర చెప్పు." చెప్పేవాణ్ణి. తెల్లారి అదే కథకు గురుణ్ణీ శనినీ తగిలించి ఆయన చెబితే జనం నోళ్లు తెరుచుకుని వినేవారు. అందులో సగంమంది నా క్లాసులో కునుకు తీసినవాళ్లే. ఒళ్లు మండేది.

"గురుడు, శని ఇరవై ఏండ్లకొకసారి కలుస్తరు. కలిసినప్పుడల్ల గద్దెలు కదుల్తయి," అనేవారు.

ఒక ఏడు ఉండబట్టలేక లేచాను. "సంస్థానాలు పోయింది ఆ కలయిక అయిన ఎన్నో ఏండ్లకు గద పంతులూ!"

"శని నడకే నిదానం భాయ్. పని గూడ నిదానంగనే చేస్తడు."

పందిరంతా నవ్వు.

"ఇరవై ఏండ్లల్ల గద్దె కదలని దేశం ఏడన్న ఉన్నదా?" అన్నాను.

"నేను గూడ అదే అంటున్న గద!"

మళ్లీ నవ్వు. ఒక్కసారైనా ఆ పందిరిని నా వైపు తిప్పుకోవాలని అప్పటినుంచీ నా పంతం.

నాకు రాశి లేదంటే పేరులో మొదటి అక్షరం పట్టుకుని ఒకటి అంటగట్టారు. ఏ రాశికి ఎంత రాజపూజ్యమో, ఎంత అవమానమో చదువుతూ నా దగ్గర ఆగేవారు. కళ్లజోడు పైకి నెట్టుకుని, "సారుకు ఈ ఏడు గూడ అవమానమే ఎక్కువున్నది. నేనున్న గద, నేను చూసుకుంట," అనేవారు.

మా ఆవిడను నాగర్‌కర్నూల్ దవాఖానలో చేర్చినప్పుడు నా పక్కన బెంచీ మీద కూర్చున్నది ఆయనే. భయంతో నేనే అడిగాను, గ్రహాలు ఎట్లున్నయని.

"గద్దెల సంగతైతే గ్రహాలను అడుగుత. గిది డాక్టరును అడుగు భాయ్," అన్నారు.

మా ఆవిడ కోలుకుంది. ఆ మాటకు ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను. దాని మీదా అసూయే. అలాంటి చోట అంత సూటిగా మాట్లాడటం నాకు రాదు.

ఈ ఉగాదికి వనపర్తి నుంచి కుర్ర పంతులు వచ్చాడు. సిద్ధాంతి కూర్చునే పాత పీటను ఎవరూ కదపలేదు, అతనికి పక్కన కుర్చీ వేశారు. బాగానే చదివాడు. నా రాశికి రాజపూజ్యం ఎక్కువ, అవమానం తక్కువ అని గబగబా చదివి తర్వాతి రాశికి పోయాడు.

నేనే లేచాను. "జర ఆగు పంతులూ. నాకు అవమానం తక్కువ ఎట్లైతది? అది చూసుకునేటాయన పోయిండు, అందుకే అని చెప్పరాదు?"

మొదటిసారి పందిరంతా నా మాటకు నవ్వింది. నవ్వుతూనే అందరూ ఆ ఖాళీ పీట వైపు చూశారు. నా వైపు ఒక్కరూ చూడలేదు.