పచ్చబొట్ల పెద్దమ్మ

పొద్దున్నే క్లినిక్ జీపులో ముందు సీటు పచ్చబొట్ల పెద్దమ్మది. ఆ కొండజాతిలో నడివయసు దాటినవాళ్ళ చేతి మీద పువ్వో పిట్టో ఉందంటే అది ఆమె పొడిచిందే. ఇప్పుడు చూపు మందగించింది కాబట్టి, బొటనవేలితో మణికట్టు తడిమి తన పనో కాదో చెబుతుంది. నిరుడు ఆమె రక్తంలోనే హెపటైటిస్ సి బయటపడింది. చప్పుడు లేకుండా ఏళ్ళ తరబడి కాలేయాన్ని తినేసే ఆ జబ్బు, ఒకే సూది పదిమందికి వాడితే అంటుకుంటుందని నర్సు చెప్పింది. ఆసుపత్రి సూదుల వల్లయినా రావచ్చని సర్దిచెప్పబోయింది కూడా. “వాటి సంగతి వాళ్ళు చూసుకుంటారమ్మా. నా సూది సంగతి నేను చూసుకోవాలి,” అంది పెద్దమ్మ. తను పొడిచినవాళ్ళను పరీక్షకు తీసుకురావడానికి మర్నాడే జీపెక్కింది.

మొన్న తేనె తీసేవాడి గడపలో నిలబడింది. అతని తమ్ముడు కాలేయం చెడి, పొట్ట ఉబ్బి చనిపోయాడు. “వాడికి పిట్టను పొడిచింది నువ్వే. ఏ మొహం పెట్టుకుని వచ్చావు పెద్దమ్మా?” అన్నాడు. “ఉన్న మొహం ఇదొక్కటే నాయనా. నీ చేతి మీద పువ్వు కూడా నాదే, అందుకే వచ్చాను. వాడి రోజుల్లో మాత్రలు మనదాకా రాలేదు. ఇప్పుడు మూడు నెలలు మింగితే పోతుంది. తిట్టేవన్నీ దారిలో తిట్టు, ముందు బండెక్కు.” అతను ఎక్కాడు. క్లినిక్ దాకా తిడుతూనే ఉన్నాడు. ఆమె ఒక్క మాటా కాదనలేదు. మలుపుల దగ్గర మాత్రం “గట్టిగా పట్టుకో” అంది. పరీక్షలో జబ్బు ఉందని తేలింది, కాలేయం ఇంకా చెడలేదు. సాయంత్రమే మాత్రలు మొదలుపెట్టారు. నిరుడు మింగిన ఆ మాత్రలతోనే పెద్దమ్మ రక్తంలోంచి జబ్బు పోయింది గానీ, గట్టిపడిన కాలేయం ఇక కోలుకోదని డాక్టరు ఆమెతోనే చెప్పాడు. రేపు అవతలి కొండకు వెళ్తున్నారు. అక్కడ తను పొడిచినవాళ్ళు ఇంకా అరవై మంది ఉన్నారని ఆమె లెక్క.